అమ్మ పళ్ళ సెట్టు

అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. తర్వాతైనా వస్తుందేమోనని చూశాను, రాలేదు. మా సంఘంవాళ్ళు మంచివాళ్ళు, కాదనను. ఏడ్చేవాళ్ళతో కలిసి ఏడవాలన్న సంగతి పాస్టరుగారు అంతకుముందే బాగా నూరిపోసి ఉన్నారు గనక, ఆడవాళ్ళంతా చేతిరుమాళ్ళతో సహా సిద్ధపడి వచ్చారు. తీరా చూస్తే నేను కుర్చీలు సర్దుతూ, కాఫీలు అందిస్తూ, చక్కెర సరిపోయిందా అని అడుగుతూ తిరుగుతున్నాను. వాళ్ళకు ఏం చేయాలో పాలుపోలేదు. ఒకావిడ ఏడుపు మొదలుపెట్టబోయి, నా మొహం చూసి, దాన్ని దగ్గుగా మార్చేసుకుంది. పాపం, ఆవిడ తప్పేముంది.

నేను బట్టలు బాగుచేసే కొట్టులో పని చేస్తాను. జిప్పులు మార్చడం, అంచులు మడిచి కుట్టడం, లావైనవాళ్ళకు విప్పడం, చిక్కినవాళ్ళకు బిగించడం. అమ్మ పోయిన మరుసటి సోమవారమే పనిలోకి వెళ్ళాను. సూదిలోకి దారం ఎక్కింది, కుట్టు తిన్నగానే పడింది. అంతా మామూలుగానే ఉంది, నేను తప్ప. పన్ను పీకే ముందు మత్తుసూది వేస్తే పెదవి మనది కానట్టు ఉంటుంది కదా, నాకు ఒళ్ళంతా అలా ఉంది.

అసలు గొడవ మా తమ్ముడిది. వాడు కట్టుడు పళ్ళు చేస్తాడు. అమ్మ పై సెట్టూ, కింది సెట్టూ వాడి చేతి పనే. కొత్తగా పెట్టించుకున్న రోజుల్లో అమ్మ నవ్వు రాకపోయినా నవ్వేది, వాడు పక్కన నిలబడి మురిసిపోయేవాడు. పళ్ళు లేకుండా పక్కింటావిడ పిలిచినా గుమ్మంలోకి వచ్చేది కాదు అమ్మ. మంచాన పడ్డాక బాగా చిక్కిపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి, సెట్టు వదులైపోయి మాట్లాడితే టకటకమనేది.

భూస్థాపన రోజు ఉదయం అమ్మకు తెల్లబట్టలు కట్టి, తల దువ్వి, పెట్టెలో పడుకోబెట్టాం. పళ్ళు పెడితే నిలవలేదు. పైది జారి పెదవి మీదికి వచ్చింది. తమ్ముడు అది చూసి, "ఉండక్కా, లోపల కాస్త మందం వేసి తెస్తా. అరగంటలో వచ్చేస్తా" అని రెండూ రుమాలులో చుట్టుకుని వెళ్ళాడు.

అరగంట పోయింది. గంటా పోయింది. వాడు ఫోను ఎత్తడు. సమాధుల తోటలో మాకిచ్చిన సమయం దాటితే తర్వాత ఇంకొకరి వంతు. పాస్టరుగారు గడియారం చూసి చూడనట్టు చూశారు. ఇక చేసేది లేక జనాన్ని వరసలో రమ్మన్నాం. వచ్చినవాళ్ళందరూ మూతి లోపలికి ముడుచుకుపోయిన అమ్మను కడసారి చూసి వెళ్ళారు. మూత వేసేశారు. తమ్ముడు వచ్చేసరికి గుంటలో మట్టి పోస్తున్నాం. వట్టి చేతులతో వచ్చాడు.

"ఏమైందిరా" అని అడిగాను. నోరు విప్పలేదు.

"నీకో దండంరా నాయనా" అన్నాను. అంతే. మళ్ళీ వాడితో మాట్లాడలేదు.

కోపంతో అన్నానా అంటే అదీ కాదు. కోపం వచ్చినా బాగుండేది, కనీసం నాలుగు మాటలు దులిపేసి ఊరుకునేదాన్ని. ఆ రోజు నుంచి వాడు చర్చికి రావడం మానేశాడు. వాడికి పెళ్ళీ కాలేదు. పుట్టింటి తరఫున వాడికి నేనూ, నాకు వాడూ తప్ప ఇంకెవరూ లేరు. ఇలాగే ఇంకొన్నాళ్ళు గడిస్తే తమ్ముడు ఉండేవాడని చెప్పుకోవడమే మిగులుతుందని నాకు తెలుసు. తెలిసినా కాలు కదలలేదు. నెలకోసారి ప్రభువు జ్ఞాపకంగా రొట్టె పంచుకునే ప్రభుబల్ల ఆదివారం పళ్ళెం నా ముందుకు వస్తే, ఎవరితోనైనా మాటల్లేనివాళ్ళు తీసుకోకూడదు గనక, పక్కావిడకు అందించేశాను. ఆ తర్వాతి నెలా అంతే. మా చర్చిలో బల్ల ఎవరు వదిలేశారన్నది ఎవరూ చూడరు, కానీ మధ్యాహ్నం భోజనాల వేళకు అందరికీ తెలిసిపోతుంది.

మా పాస్టరుగారికి ఒక పద్ధతి ఉంది. ప్రసంగం చివర "ఈ వారం పని" అని ఒకటి అప్పగిస్తారు. విన్న వాక్యం సోమవారానికల్లా చేతుల్లోకి రావాలంటారు. నాలుక అదుపు గురించి చెప్పినప్పుడు, వారమంతా మనిషి లేనప్పుడు ఆ మనిషి ఊసెత్తకూడదన్నారు. ఆ వారం మా ఆడవాళ్ళకు మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు, ప్రార్థన కూడిక తొందరగా ముగిసిపోయింది. మొన్నటి ఆదివారం మాత్రం, బలిపీఠం దగ్గర కానుక వదిలేసి ముందు వెళ్ళి సహోదరుడితో రాజీపడి సమాధానపడాలన్న మాట తీశారు. ఈ వారం పని, వెళ్ళడం. చెబుతున్నంతసేపూ ఆయన నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత అవస్థపడ్డారంటే ఆ సాయంత్రం మెడ పట్టేసి ఉంటుంది.

మంగళవారం ప్యాంటు అంచు కుట్టించుకునే మిషతో కొట్టుకు కూడా వచ్చారు. బల్ల పక్కన నిలబెట్టి గుండుసూదులు గుచ్చుతున్నాను.

"పని ఎలా సాగుతోందమ్మా?" అన్నారు.

"ఏ పనండీ అయ్యగారూ, ఇదా, మీరిచ్చిందా?"

"రెండూ."

"ఇది గురువారానికి అవుతుంది. కదలకండి, గుచ్చుకుంటుంది."

ఆయన కదలలేదు, ఇంకేమీ అడగలేదు కూడా. అందుకు ఆయన మీద నాకు గౌరవం.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆయన దగ్గర నా వాదన వినిపించాను. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు, మాట్లాడేది తక్కువ. నేను కొలతల మనిషిని. ఆ మాటను టేపు పెట్టి కొలిచినట్టు చదివాను. నీ మీద నీ సహోదరుడికి ఏదైనా విరోధం ఉంటే నువ్వు వెళ్ళు అంటోంది. అంటే తప్పు ఎవరిదో వాళ్ళు వెళ్ళాలి. తప్పు వాడిది. కాబట్టి రావలసింది వాడు.

మా ఆయన లేచి వెళ్ళి కళ్ళద్దాలూ బైబిలూ తెచ్చుకుని, పేజీలు కొంచెం ముందుకు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు.

"ఇక్కడ ఇంకోటుంది చూడు. నీ సహోదరుడే నీకు తప్పు చేస్తే, అప్పుడు కూడా నువ్వే వెళ్ళి వాడితో ఒంటరిగా మాట్లాడాలట."

"ఏదీ?"

చూపించాడు. చదివాను. నిజంగానే ఉంది.

"అటు తప్పైనా నువ్వే వెళ్ళాలి, ఇటు తప్పైనా నువ్వే వెళ్ళాలి" అన్నాడు. "ఎటూ సందు లేకుండా బాగానే ఇరికించాడు దేవుడు."

నాకు నవ్వు రావలసిన చోటే. రాలేదు.

"క్షమించాలని అనిపించట్లేదండీ" అన్నాను. "క్షమించకూడదనీ అనిపించట్లేదు. అసలేమీ అనిపించట్లేదు. లోపల ఏమీ లేకుండా వెళ్ళి సమాధానపడదాం అంటే అది వేషం కాదా?"

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "వెళ్ళమని ఉంది. ఏం అనిపించాక వెళ్ళాలో లేదు. నేను పొద్దున్నే బస్సు తీస్తున్నాను కదా, తియ్యాలని అనిపించి తీస్తున్నాననుకున్నావా?"

శనివారం కొట్టు ఒంటిపూటే. మధ్యాహ్నం తాళం వేసి తిన్నగా వాడి దగ్గరికి వెళ్ళాను.

వాడి పనిగది పళ్ళ డాక్టరు గదికి వెనకవైపు ఉంటుంది. ఉన్నది ఒక్క కిటికీ, దాని అద్దం కూడా ప్లాస్టర్ పొడితో తెల్లబడిపోయింది. గోడ పొడవునా అరల్లో మనుషుల చిగుళ్ళ అచ్చులు, ఒక్కోదాని మీద పెన్సిలుతో పేరు. కరిగిన మైనం వాసన. వాడు గుమ్మం వైపు వీపు పెట్టి, సానపట్టే మోటారు ముందు కూర్చుని ఉన్నాడు. మెడ సన్నబడింది. నన్ను చూసి మోటారు ఆపాడు, రమ్మనలేదు. పక్కనున్న స్టూలును అరచేత్తో తుడిచాడు. ఆ చేతికున్న పొడి అంతా స్టూలుకు అంటుకుంది. దాని మీదే కూర్చున్నాను.

"సమాధానపడడానికి వచ్చానురా" అన్నాను. ఇచ్చిన బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చానన్నట్టే ఉంది నా గొంతు.

"పాస్టరుగారు పంపారా?"

"ఈ వారం పని."

వాడి పెదవి ఒక పక్కకు కదిలింది, నవ్వు దాకా రాలేదు.

"అబద్ధం ఎందుకు చెప్పను. నీ మీద కోపం లేదు, జాలీ లేదు. నాకేమీ అనిపించట్లేదు. వెళ్ళమని రాసుంది గనక వచ్చాను."

"నాకూ అంతే అక్కా" అన్నాడు. "అన్నం తింటున్నా, పని చేస్తున్నా. ఎవరో చేస్తున్నట్టుంది."

వచ్చినందుకు ఏదో ఒకటి అడగాలి గనక అడిగాను.

"ఆ రోజు ఏమైందిరా?"

వాడు చేతిలో ఉన్న చిన్న ఆకురాయిని బల్ల అంచుకు సమానంగా పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"మందం అరగంటలోనే వేసేశా. బాగానే వచ్చింది. ఇక సరిచూడడమే మిగిలింది. నేను ఎలా చూస్తానో తెలుసుగా. డాక్టరుగారు పిలిస్తే వెళ్ళి, ఆ పెద్దాళ్ళ నోట్లో పెట్టి, కొరకండి, నొక్కుతోందా, ఎక్కడ, ఇక్కడా అని అడుగుతా. వాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు. అక్కడ కాస్త గీస్తా. మళ్ళీ పెడతా, మళ్ళీ అడుగుతా. నొప్పి లేదు నాయనా, చాల్లే అని వాళ్ళంటేనే నా పని అయినట్టు. ఇన్నేళ్ళూ అంతే."

"అయితే?"

"అమ్మది చేతిలో పట్టుకుని కూర్చున్నా. తడిమితే ఒకచోట గరుగ్గా తగిలింది. నొక్కుతుందేమోనని గీశా. పక్కన ఇంకోచోట అనుమానమొచ్చింది, అక్కడా గీశా. చాలని ఎవరు చెప్తారు? అమ్మ పోయిందని తెలుసు. ఇక ఆవిడకు ఏదీ నొక్కదనీ తెలుసు. నాకేం పిచ్చి కాదు. కానీ చెయ్యి ఆగలేదక్కా. ఫోను మోగుతూనే ఉంది. అరగదీసి అరగదీసి కిందిదానికి చిల్లు పడింది. పైది రెండు ముక్కలైంది. అప్పుడు తలెత్తి టైము చూశా."

"అక్కడే చెప్పొచ్చు కదరా."

"ఏమని చెప్పను? పెట్టెలో పడుకున్న మనిషికి నొప్పెడుతుందని అరగదీశానని, అంతమంది ముందు చెప్పనా?"

నా గుండె కరిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, కరగలేదు. ఒకటి మాత్రం కళ్ళకు కట్టినట్టు అర్థమైంది. వాడు ఆ బల్ల ముందు నుంచి ఇంకా లేవలేదు. భూస్థాపన అయిపోయింది, అందరం ఇళ్ళకు వెళ్ళిపోయాం, వీడు ఒక్కడూ ఇంకా అమ్మను అడుగుతూనే ఉన్నాడు. జవాబు చెప్పేవాళ్ళు లేక ఆగలేకపోతున్నాడు.

అమ్మ నోరు నాకు తెలుసు. మంచాన ఉన్నన్నాళ్ళూ తడిగుడ్డ వేలికి చుట్టుకుని ఆ చిగుళ్ళు తుడిచింది నేనే. ఎక్కడ ముట్టుకుంటే మొహం చిట్లించేదో, ఎక్కడ ముట్టుకుంటే ఊరుకునేదో నాకు తెలుసు. ఆఖరి రోజు ఎక్కడ ముట్టుకున్నా ఊరుకుంది. మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలని కూడా మా పాస్టరుగారు ఒక వారం అప్పగించారు. నేను చెప్పబోయేది అబద్ధమా అని ఒక్క క్షణం చూసుకున్నాను. కాదనిపించింది.

వాడు తల వంచుకుని, మోటారు మీట మీద వేలు పెట్టి ఉన్నాడు. నొక్కడు, తీయడు.

"నొప్పి లేదురా" అన్నాను.

తలెత్తాడు.

"అమ్మకు ఎక్కడా నొక్కట్లేదు. చాలు. ఇక గీయకు."

మనిషి నిజంగా చెబుతున్నాడా, మొహమాటానికి చెబుతున్నాడా అని వాడు రోజూ ఎలా పరీక్షగా చూస్తాడో, నన్నూ అలాగే చూశాడు.

"నిజంగానా అక్కా?"

"నిజంగా."

వాడి చెయ్యి మీట మీద నుంచి ఒళ్ళోకి జారింది. ఏడ్చాడు. చిన్నప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు వాడు. ముందుగదిలో డాక్టరుగారి కుర్చీ చప్పుడైంది, ఎవరూ లోపలికి రాలేదు. బల్ల మీద ఏ గుడ్డ దొరికితే అది ఇచ్చాను. మొహమంతా ప్లాస్టర్ పూసుకున్నాడు.

నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఇంటికి వెళ్ళి వంట చేయాలి, మా ఆయన డ్యూటీ దిగే వేళైంది. అయినా వాడి పక్కనుంచి లేవాలనిపించలేదు. అమ్మ పోయాక నాకంటూ ఏదైనా అనిపించింది అదే మొదటిసారి.