డిలీట్ మీట లేని నేను

నేను ఒక కీబోర్డును. అరిగిపోయిన నా ముఖం చూసి నవ్వకండి. మా మండలాఫీసులో ఇరవై ఆరు వేల మంది నా వీపు మీదుగానే కంప్యూటర్లోకి నడిచి వెళ్లారు. నా మీద ఒలికిన టీ అంతా పోగేసి ఉంటే ఎండాకాలంలో ఎకరం చేను తడిసేది. నమ్మకపోతే నా సందుల్లో మూడు తరాలుగా కాపురమున్న చీమలను అడగండి.

ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టాను. పుట్టగానే ఒక్కో మీటనూ వెయ్యిసార్లు మొట్టి చూశారు. ఆ తర్వాత తవిటినాయుడి చేతిలో పడ్డాను. రేషన్ కార్డుల ఆపరేటరు. రెండు చూపుడు వేళ్లతోనే టైపు చేసేవాడు. ఆ ఊపుకి పక్క బల్ల మీది కాగితాలు ఎగిరి కిటికీ దాటేవి.

ఒకరికే రెండు కార్డులు పోకూడదని ఫారానికి ఒక కాపలా ఉండేది. పేరు, భర్త పేరు, ఊరు మూడూ కలిశాయా, తెర ఎర్రబడేది: ‘ఈ మనిషి ముందే ఉన్నారు. తీసేయాలా?’ తవిటినాయుడు నా డిలీట్ మీటను టపీమని కొట్టి, దొంగను పట్టినవాడిలా మీసం దువ్వుకునేవాడు.

ఒకరోజు ఇద్దరు ముసలమ్మలు వచ్చారు.

“బాబూ, రేషన్ డిపోలో బియ్యమడిగితే నాను లేనంటన్నారు. రెండు నెలలైంది. ఓపాలి సూడు, ఉన్నానో లేనో,” అంది చిన్నావిడ.

పేరు పైడితల్లి. భర్త సన్యాసి. తవిటినాయుడు వెతికాడు.

“ఉన్నావుగా మామ్మా!”

“అది నాను బాబూ,” అంది పక్కావిడ.

అక్కాచెల్లెళ్లు. ఇద్దరికీ అమ్మవారి పేరే పెట్టారు, ఇద్దరినీ ఒక్కడికే ఇచ్చారు. పేరుకి సన్యాసి, ఇంట్లో ఇద్దరు పెళ్లాలు! ఆయన పోయాక పొయ్యిలు రెండయ్యాయి, కార్డులూ రెండయ్యాయి. ఫారం రెండో ఆవిడను దొంగంది. నేను తీసేశాను.

తవిటినాయుడు ముఖం వాడిపోయింది. మళ్లీ ఎక్కించబోతే తెర మళ్లీ ఎర్రబడింది.

“ఊళ్లో మిమ్మల్నేమని పిలుస్తారు?”

“పెద పైడితల్లి, చిన పైడితల్లి.”

“అలాగే రాయించొచ్చుగా?”

“నోటితో అంటే అంటాం. కాయితం మీద అమ్మోరి పేరుకి ముందు చిన అని ఎక్కిస్తామేటి? కళ్లు పోవూ!”

అలా రాస్తేనే ఫారం ఒప్పుకుంటుందని అతను ఎంత చెప్పినా చిన్నావిడ తల అడ్డంగానే ఊపింది. అప్పుడు పెద్దావిడ అంది:

“పోనీ, నన్ను తీసీ బాబూ. దాన్ని ఉంచీ. నా పొయ్యి ఆర్పీసుకుంతాను.”

చిన్నావిడ అక్క చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

“ఊరుకోయే అప్పా! బాబూ, చిన అనే రాసీ. కోపమొస్తే అమ్మోరు నన్నడుగుతాది, నిన్ను కాదు.”

అన్నేళ్లలో తవిటినాయుడు నన్ను అంత మెల్లగా నొక్కింది ఆ రెండక్షరాలకే. తెర ఎర్రబడలేదు.

వాళ్లు వెళ్లాక స్క్రూడ్రైవరుతో నా డిలీట్ మీటను పెకలించి జేబులో వేసుకున్నాడు. ఇక ఎవరినైనా తీసేయాలంటే ఆ కన్నంలో పెన్ను మొన గుచ్చాలి. గుచ్చేముందు ఆ ఊరికి ఫోన్ చేసి, ఆ మనిషితో మాట్లాడేవాడు. అంతకుముందు తీసేసిన పేర్లు కూడా తిరగేశాడు. పదకొండు మంది బతికొచ్చారు. ఇందులో మాత్రం కోతల్లేవు.

ఇప్పుడు పాత సామాన్ల కొట్లో ఉన్నాను. మొన్న కొట్టువాడు ఆ కన్నంలో వేలు పెట్టి చూసి, “దీనికో పన్ను లేదు” అని ధర సగం చేశాడు. నా విలువంతా అక్కడే ఉందని వాడికెవరు చెప్పాలి!