హార్బరు రోడ్డుకు అవతల పునాదిరాయి

సభలో చెయ్యి ఎత్తాలా, మానాలా? పొద్దుట చేపలగంప నెత్తికెత్తుకున్నప్పటి నుంచీ సూర్యకాంతమ్మ బుర్రలో ఇదొక్కటే తిరుగుతోంది.

పోర్టు పెంచినప్పుడు తీరం నుంచి లేపేసిన జాలరి కుటుంబాలకు దూరంగా ఒక కాలనీ కట్టిచ్చారు. ఇళ్లు వచ్చాయి, కుళాయిలు వచ్చాయి, బడి మాత్రం రాలేదు. పిల్లలు హార్బరు రోడ్డు దాటి అవతలి బడికి పోవాలి. ఉక్కు మోసే లారీలు ఆ రోడ్డు మీద పగలూ రాత్రీ ఒకటే పరుగు. నిరుడు పక్కింటి కాశమ్మ కొడుకు కాలు అక్కడే విరిగింది. చివరికి పునరావాస నిధుల్లోంచి కొత్త బడి మంజూరైంది. కాలనీలోనే, వలలు ఆరేసుకునే మిట్ట మీద కడతామన్నారు. ఆ డబ్బు ఊరివాళ్ల కళ్లముందే ఖర్చు కావాలని నియమం. పని చూసుకోవడానికి ఒక కమిటీ ఉంది. కమిటీ చూశామని చెప్పి, సభలో జనం చేతులెత్తితేనే కాంట్రాక్టరు దొరబాబుకు తర్వాతి వాయిదా అందుతుంది.

కమిటీలో తల్లుల తరఫున సూర్యకాంతమ్మను వేశారు. కులపెద్ద దాలయ్య కూడా ఉన్నాడు. ఆయన ఆమె పెనిమిటికి అన్న.

భూమిపూజ రోజున ఆమె వెళ్లలేదు. ఎవరూ రావద్దనలేదు, తనే ఆగిపోయింది. భర్త సముద్రంలో పోయిన నాటి నుంచి వేటకు పోయే మనిషికి ఆమె ఎదురు రాదు. మగవాళ్లు తెడ్లు భుజాన వేసుకుని కదిలితే తలుపు చేరవేసుకుంటుంది. వాళ్లు దాటాకే బిందె పట్టుకుని బయటికొస్తుంది. తాడు తెగిన ఆడది ఎదురైతే వల ఖాళీగా వస్తుందని అందరిలాగే ఆమె కూడా నమ్ముతుంది. ఆ దోషం పిల్లల బడికెందుకు తగిలించడం అనుకుని ఇంట్లో కూర్చుంది. ఆ పూట మగవాళ్లు వేటలో, ఆడవాళ్లు బజార్లో ఉన్నారు. కొబ్బరికాయ కొట్టేశారని సాయంత్రం తెలిసింది. మిట్ట మీద పని కనపడదేమని అడిగితే సామాను రావాలన్నారు.

నిన్న కాశమ్మ వచ్చి చెవిలో వేసింది.

"పిన్నీ, రోడ్డవతల దొరబాబు ప్లాట్లేసి అమ్ముతన్నాడు గదా. అక్కడ సేపలమ్మడానికెల్లాను. గోడెనకాల మన బడి రాయి ఉందే! గుంటలు కూడా తవ్వీసారు."

"మన బడేనా? సరిగ్గా సూసావేటే?"

"రాయి మీద మన కాలనీ పేరుందంట. ఆ ఇంటి కోడలు సదివి సెప్పింది. నాను సెప్పానని ఎవులికీ అనకు తల్లీ. మా ఆయన ఆడి లారీ మీదే పన్లో ఉన్నాడు."

దాలయ్యను నిలదీస్తే ఆయన తల దించుకున్నాడు.

"పక్కన బడుంటే ప్లాట్లకి రేటొస్తాదంట. కాయ కొట్టమన్నారు, కొట్టీసాను. మార్చి దాటితే డబ్బు ఎనక్కి ఎలిపోతాదంట కాంతమ్మా. అక్కడో ఇక్కడో, బడంటూ ఒకటి రానీ. నువ్వు నోరెత్తకు."

అదే ఆమెను కోస్తోంది. చెయ్యెత్తితే బడి రోడ్డవతల. ఎత్తకపోతే అసలు బడే లేదు.

మధ్యాహ్నానికి కాలనీలో షామియానా కింద జనం నిండిపోయారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజినీరు శ్రీరామ్మూర్తి బల్ల ముందు కూర్చున్నాడు. "కమిటీవారు పని చూశారా?" అని అడిగాడు. దాలయ్య చెయ్యెత్తాడు. మిగతావాళ్లు ఆయన్ని చూసి ఎత్తారు.

"తల్లుల తరఫున సూర్యకాంతమ్మగారు ఎవరు? మీరు చూశారా?"

దొరబాబు నవ్వాడు. "ఆవిణ్ణడిగి లాబం నేదు సార్. పూజకే రానేదు. బడి పనుందంటే ఇంట్లో తొంగుంది. ఇప్పుడొచ్చి ఏటి సెప్తాది?"

ఆమె లేచింది.

"రానేదు బాబూ. నాను రాకపోబట్టే గదా నీకు సులువయ్యింది!" ఇంజినీరు వైపు తిరిగింది. "సార్, రేవులో సేపల ఏలంపాట ఎప్పుడైనా సూసారా? గంప మూత తియ్యకండా మా కాడ ఎవులూ దర సెప్పరు. తోడబుట్టినోడి గంపైనా సరే, కింద కుమ్మరించాల. ఈ బడి మూత నాను తియ్యనేదు, ఈ జనం తియ్యనేదు. మూత మీద సెయ్యేసి పాట కొట్టీమంటారేటి?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. "కుమ్మరించమనండి సార్!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

ఇంజినీరు గడియారం చూసుకున్నాడు. "సరే, ఎంత దూరం?"

"రోడ్డవతలే," అంది సూర్యకాంతమ్మ.

"రోడ్డవతలా? ప్లానులో మిట్ట మీద అనుంది కదా!"

"ఇసకలో పునాది నిలవదు సార్, అందుకని..." దొరబాబు మాట పూర్తికాకముందే ఆమె నడక మొదలుపెట్టింది.

వెనక ఎవరూ కదల్లేదు. తాడు తెగిన తను అందరికీ ముందు నడుస్తోందని అప్పుడు తట్టింది ఆమెకు.

"నువ్వు ఎనకుండు కాంతమ్మా. నాను ముందు నడుత్తాను," అన్నాడు దాలయ్య.

"ఆ రోజు అలాగే ఎనకుండిపోయాను బావా," అని ఆమె ఆగలేదు.

కాశమ్మ ఒక్కసారి మొగుడి వైపు చూసి, కొంగు బిగించి లేచింది. ఆమె వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక అందరూ.

రోడ్డు దగ్గర ఇంజినీరు ఆగిపోయాడు. లారీ వెనక లారీ. ఒక అడుగు వేస్తాడు, ఉలిక్కిపడి వెనక్కొస్తాడు. చివరికి పరిగెత్తి దాటేసరికి ఒక చెప్పు రోడ్డు మీద ఊడిపోయింది. దాన్ని లారీ నలిపేసింది.

"మా పిల్లలు రెండుపూటలా ఇలాగే ఎల్తారు సార్," అంది కాశమ్మ.

గోడ వెనక పసుపు పూసిన రాయి, దాని పక్కన గుంటలు. ఇంజినీరు కలం జేబులో పెట్టేశాడు. "మంజూరైన చోట పని మొదలైతే తప్ప నేను వాయిదా ఇవ్వను."

"అయితే మరేటి? ఇయ్యాల్టితో మార్చి సరి," అన్నాడు దొరబాబు. "డబ్బు ఎనక్కెలిపోతాది. ఈ పాపం ఎవులిదో మీరే తేల్చుకోండి."

అన్ని కళ్లూ సూర్యకాంతమ్మ మీదికి తిరిగాయి. తన మొహం ఎదురైన బడి కదా, ఇంతేనేమో అనుకుంది.

దాలయ్య తను కాయ కొట్టిన రాయి దగ్గరికి పోయి చేత్తో కదిపి చూశాడు.

"సార్, పొద్దు గుంకే లోపల ఈ రాయి మిట్ట మీదుంటే? గుంటలు మేవే తవ్వితే?"

"నేను చూసింది రాస్తాను. అందాకా ఉంటాను," అన్నాడు ఇంజినీరు, ఒంటి చెప్పుతో నిలబడి.

"మోకులు తెండిరా!" దాలయ్య కేక వేశాడు.

పడవ మోసే గెడలు వచ్చాయి. మోకులు బిగించి, ఐలేసా అని రాయిని భుజాలకెత్తారు. రోడ్డు అంచున మళ్లీ ఆగిపోవాల్సి వచ్చింది. లారీలు ఆగడం లేదు. బరువుకు ముందువాళ్ల కాళ్లు ఊగుతున్నాయి.

సూర్యకాంతమ్మ గబగబా రోడ్డు మధ్యకు పోయి లారీలకు ఎదురుగా నిలబడింది. హారన్ చెవులు పగిలేలా మోగింది. ఆమె కదల్లేదు. ముందు లారీ కీచుమంటూ ఆగింది. ఇంజను సెగ మొహానికి తగిలింది.

"సావడానికి నా బండే దొరికిందేటే ముసిల్దానా!" డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"సావడానికి గాదు నాయినా. కాస్త ఆగు, మా బడి దాటతంది."

ఆమె వెనక ఐలేసా, ఐలేసా అంటూ కాళ్ల చప్పుడు రోడ్డు దాటుతోంది. రాయి కాలనీ వైపు ఇసకలో దిగిన చప్పుడు వినపడేదాకా ఆమె లారీకి ఎదురుగానే నిలబడింది.