గిన్నెలో బార్లీ గింజలు

గురువారం సాయంత్రం ఆరయ్యేసరికి స్వీడన్‌లో, హర్నొసాండ్ ఊరి పాత ధాన్యపు కొట్టు మేడమీద, గదిలో పదకొండుమందిమి బూట్లు విప్పి గుండ్రంగా కూర్చునేవాళ్ళం. మా గురువు సిగ్రిద్. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడ, ఇప్పుడు కంటికి కనబడని శక్తులతో కలిసి పనిచేసే విద్య నేర్పేది.

"పిలిచి పని పురమాయిస్తే ఎవరూ రారు," అనేది సిగ్రిద్. "ముందు పేరు తెలుసుకోండి. ఏం తింటారో కనుక్కోండి. చేసిన మేలుకి నోరారా థాంక్స్ చెప్పండి. వాళ్ళు మన పనివాళ్ళు కారు, పనిలో తోడు."

ఎంత చక్కని మాటలు! మేం బుద్ధిగా పుస్తకాల్లో రాసుకునేవాళ్ళం.

ఆ కొట్టుకు కాపలా తొమ్తె అని మా నమ్మకం. ఎర్రటోపీ, నెరిసిన గడ్డం, మోకాలెత్తు మనిషి. ధాన్యాన్నీ పశువుల్నీ కనిపెట్టుకుని ఉంటాడని మా తాతలు చెప్పేవారు. కిటికీ గట్టుమీద ఆయన బొమ్మ పెట్టాం. ప్రతి గురువారం బార్లీ సంకటి వండి, మధ్యలో గుంట చేసి, అందులో వెన్న వేసి, ఆ బొమ్మ ముందు ఉంచి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. మళ్ళీ గురువారం వచ్చేసరికి గిన్నె కడిగి తళతళలాడుతూ ఉండేది. అందులో గుప్పెడు వేయించిన బార్లీ గింజలు!

మాలో ఎవరో ఆట పట్టిస్తున్నారని నాకు మొదట్లో అనుమానం. ఏడాది తిరిగేసరికి నేనూ నమ్మాను. నా వంతు గింజల్ని చిన్న సంచిలో కట్టి కోటు జేబులో దాచుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. శుక్రవారం పొద్దున్నే ఆ గది ఊడుస్తారని మా అందరికీ తెలుసు. ఊడ్చేది ఒక మనిషని మాత్రం ఎవరికీ తట్టలేదు.

రెండో ఏడు అక్టోబరులో ఒకనాడు కిటికీ పక్కన తడిగుడ్డా బకెట్టూ మరిచిపోయి ఉన్నాయి. సిగ్రిద్‌కు ఒళ్ళు మండిపోయింది. క్లీనర్ తమ గదిలో అడుగు పెట్టకూడదనీ, పరాయివాళ్ళ అలికిడి కాపలాదారుకు గిట్టదనీ ఆ కొట్టును అద్దెకిచ్చే మేనేజర్ బెంగ్ట్‌కు ఉత్తరం రాసింది. అందరం కింద సంతకాలు పెట్టాం.

ఆపై వారం సంకటి గిన్నెలోనే ఎండి అట్టకట్టింది. తరువాతి వారమూ అంతే. తొమ్తె అలిగాడని హడలిపోయాం. ఎవరివల్ల తప్పు జరిగిందో ఒప్పుకోమని సిగ్రిద్ ఒక్కొక్కరినీ నిలదీసింది. కిటికీ దగ్గర గట్టిగా నవ్వానని ఒకావిడ ఏడ్చింది కూడా.

మూడో గురువారం సిగ్రిద్ వెన్న రెట్టింపు వేసి బొమ్మ ముందు మోకరిల్లింది. "తాతా, మా తప్పేంటో చెప్పు. దిద్దుకుంటాం."

అప్పుడే తలుపు తట్టి బెంగ్ట్ లోపలికొచ్చాడు. వెనకాల తెల్లటి నేత శాలువా కప్పుకున్న నడివయసు ఆవిడ.

"మధ్యలో వచ్చాను, ఏమనుకోకండి," అన్నాడు బెంగ్ట్. "ఈవిడ తాళంచెవి ఇచ్చిపోదామని వచ్చింది. మీకో మాట చెప్పి వెళ్తానంది."

ఆవిడ గిన్నెవైపు చూసింది. ముఖం విప్పారింది. "ఎవరమ్మా, సంకటి పెట్టేది?"

"నేనే," అంది సిగ్రిద్ లేస్తూ.

ఆవిడ వచ్చి సిగ్రిద్ రెండు చేతులూ పట్టుకుంది. "మా ఎరిత్రియాలో బాలింతలకి ఇలాగే చేస్తారమ్మా, మధ్యలో గుంట చేసి వెన్న పోసి. మా అమ్మ పోయాక నాకెవరూ చెయ్యలేదు. శుక్రవారం రాగానే కింద వేడి చేసుకుని తినేదాన్ని. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదా, అందుకే గింజలు వేసేదాన్ని. ఇప్పుడు పని పోయింది. చెప్పకుండా పోతే ఏం బావుంటుందని వచ్చాను."

"పని పోయిందా?" అంది సిగ్రిద్.

"నా పనిలోంచి ఈ గది తీసేశారు. మిగిలిన గంటలకి నేనక్కర్లేదని పనంతా ఏదో కంపెనీకిచ్చేశారు. ఎవరో ఉత్తరం రాశారట. నా తప్పేంటో నాతోనే చెప్పుంటే దిద్దుకునేదాన్ని."

బెంగ్ట్ తల వంచుకున్నాడు. మేమూ అంతే.

"ఆ ఉత్తరం రాసింది నేను," అంది సిగ్రిద్. ఆ వెంటే, "సంకటి కూడా... నీకు పెట్టింది కాదు," అంది.

ఆ రెండో మాట చెప్పకుండా ఉండాల్సిందని మాలో కొందరు ఇప్పటికీ అంటారు. తనది కాని మంచితనానికి ఇంకొక్క క్షణం కూడా దండం పెట్టించుకోలేకపోయిందని నేననుకుంటాను.

ఆవిడ ఎర్రటోపీ బొమ్మను చాలాసేపు చూసింది. "అయ్యో! ఇంకొకరికి పెట్టింది తిన్నానా ఇన్నాళ్ళూ? నాకు తెలీదమ్మా, తప్పైపోయింది." సంచిలోంచి వేయించిన బార్లీ పొట్లం తీసి బొమ్మ ముందు పెట్టింది. "ఆయనకిచ్చెయ్యండి," అని గబగబా మెట్లు దిగిపోయింది.

క్షమించమనాల్సింది మేం. అడిగింది ఆవిడ. నా జేబులో గింజలు నిప్పుల్లా తగిలాయి.

సిగ్రిద్ మేజోళ్ళతోనే మంచులోకి పరుగెత్తింది. "ఆగమ్మా! నీ పేరేంటి?" అని అరవడం పైకి వినిపించింది.

"అబ్రెహెత్."

ఉత్తరం వెనక్కి తీసుకున్నాం. ఆ పని మాత్రం తిరిగి రాలేదు. అబ్రెహెత్ ఇప్పుడు వేరే ఊళ్ళో లాండ్రీలో చేస్తోంది. మేం పదకొండుమందిమీ ఒక ఆదివారం వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాం. కాఫీ ఇచ్చి పంపింది. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు.

అబ్రెహెత్ మెట్లు దిగి వెళ్ళిన మరుసటి గురువారం సిగ్రిద్ సంకటి వండలేదు. పుస్తకాలు మూసేయమంది.

"కనబడనివాడికి ఏది ఇష్టమో రెండేళ్ళు ఆరా తీశాం. ప్రతి శుక్రవారం మన చెత్త ఎత్తిన మనిషిని పేరైనా అడగలేదు. నేను నేర్పిన విద్యంతా వట్టిది. సాటిమనిషిని మనిషిలా చూడలేనివాళ్ళు ఎంత వెన్న పెట్టినా ఏ దేవరా పలకడు."

ఆ మాటను మాలో ఎవరూ పుస్తకంలో రాసుకోలేదు, మరిచిపోనూ లేదు.