ఒక్క పేరుకు ఒక్క వరస

వేవిళ్ళు కావవి. ఏడో నెలలో వేవిళ్ళేమిటి? అయినా ఇంట్లో అందరూ ఆ మాటే అంటారు, నేనూ అవునంటాను. నిజానికి నాకు డోకు వచ్చేది మా ఆయన రెజాన్ బొటనవేలు నాలుకతో తడుపుకుని నా కాగితాలు తిప్పుతున్నప్పుడు. అవి చర్చి రిజిస్టర్ల నుంచి నేను ఎత్తి రాసుకొచ్చినవి. చలికాలమంతా వారానికి రెండు రోజులు, గడ్డకట్టిన నది పక్కన నడిచి వెళ్ళి, ఫాదరుగారి గదిలో కోటు విప్పకుండా కూర్చుని, రెండు వందల ఏళ్ళనాటి గొలుసురాత కూడబలుక్కుంటూ చదివాను. వాటితో వంశచరిత్ర పుస్తకం తయారవుతోంది. అట్ట మీద పేరు మాత్రం రెజాన్‌ది. జూలైలో వంశం వాళ్ళంతా మా ఊరొస్తారు. తలా ఒక ప్రతి ఇస్తాడట.

మూలపురుషుడు ఎత్యెన్ మర్సో. ఫ్రాన్సు రాజుగారి సిపాయిగా సముద్రం దాటి వచ్చి ఈ నేల మీద దిగాడు. పటాలంలో అతనికో మారుపేరు పెట్టారు, సాన్‌షగ్రాన్ అని. దిగులు లేనివాడని అర్థం. తరవాత వీళ్ళకు అదే ఇంటిపేరయింది. "మా వంశంలో ఏడుపన్నది లేదు" అంటాడు రెజాన్, ఎవరింటికి వెళ్ళినా.

ఏడ్చిందెవరో నేను చదివాను. ఎత్యెన్ భార్య జెనెవియెవ్‌కు 1731లో కూతురు పుట్టింది, పేరు మరీ జోసెఫ్త్. తొమ్మిదో రోజున పాతిపెట్టారు. మరుసటి ఏడు మళ్ళీ కూతురు, మళ్ళీ మరీ జోసెఫ్త్. ఆ పిల్లా వేసవి దాటలేదు. 1734లో మూడో పిల్లకూ అదే పేరు. అది బతికింది. పోయినదాని పేరు పుట్టినదానికి పెట్టడం అప్పటి ఆచారం. తల్లి పిలిచినప్పుడల్లా ఆ మూడోది ఏమనుకునేదో. తన భుజం మీదుగా వెనక ఇంకెవరినో చూస్తోందనుకునేదా?

రెజాన్ ఆ ముగ్గుర్నీ కలిపి ఒకతెను చేశాడు. మొదటిదాని పుట్టుక, మూడోదాని పెళ్ళి.

"పెళ్ళినాటికి పందొమ్మిదేళ్ళ పిల్లని ఇరవై రెండేళ్ళదాన్ని చేశారు" అన్నాను.

"ఆడపిల్లేగా, ఎవడు లెక్క చూస్తాడు? ఒక్క పేరుకు ఒక్క వరస చాలు. కొట్టు."

ఒక్క మగవాడికి రెండు పేర్లు. ముగ్గురు ఆడపిల్లలకు ఒకటి. అతను చెప్పినట్టే టైపు కొట్టాను. నా వేళ్ళంటే నాకే రోత పుట్టింది.

ఆదివారం బఠాణీ సూపు జుర్రుకుంటూ అత్తగారు అంది, "అమ్మాయ్ ఒదీల్, ఆడపిల్ల పుడితే సొలాంజ్ అనే పెట్టు. బాప్తిస్మం గౌను మీద ఆ పేరు నా చేత్తో కుట్టాను. ఒక్కసారేగా తొడిగింది! గుడ్డా పాడవలేదు, పేరూ పాడవలేదు."

"భలే అన్నావమ్మా" అని రెజాన్ నవ్వాడు. గడ్డం మీద సూపు కారింది. "చివరి పేజీలో మా ఇద్దరి కింద ఆ పేరు కొట్టి, తేదీ ఖాళీగా ఉంచమంటాను. పుట్టాక చేత్తో వేసుకోవచ్చు."

"సరే అత్తయ్యా" అన్నాను. ఆ మాట చల్లారిన పంది కొవ్వులా నాలుకకు అంటుకుపోయింది. ఎంత గీకినా వదల్లేదు.

పోయిన ఏడు నా సొలాంజ్ పదకొండు రోజులు బతికింది. ఎడమ చెవి కొస లోపలికి మడతపడి ఉండేది. పాలు తాగుతున్నంతసేపూ వేలితో విప్పుతూ ఉండేదాన్ని. వదలగానే మళ్ళీ మడతపడేది. ఆ పేరుతో ఇంకొకరిని అన్నానికి పిలుస్తానా? ఇంకొకరిని తిడతానా?

ఈ పొద్దున చివరి పేజీ స్టెన్సిల్, అదే ప్రతులు తీసే మైనపు కాగితం, టైపు మిషన్‌కు ఎక్కించాను. మైనం మీద ఒకసారి తెగిన అక్షరం తెగినట్టే. పక్క గదిలోంచి రెజాన్ అరిచాడు. "అయిందా? తేదీ వెయ్యకు, గుర్తుందిగా!"

కడుపులో పిల్ల ఒక్క తన్ను తన్నింది.

సొలాంజ్, 14 జనవరి 1967 – 25 జనవరి 1967, అని కొట్టాను. మీట లాగి ఇంకో వరసకు జరిపాను. దాన్ని ఖాళీగా వదిలేశాను.