నీళ్లు రాని రోజుల గడులు

రోజుకు సగటున మూడు గంటలు నీళ్లిస్తున్నామని రాసిచ్చిన నీళ్ల ఆఫీసు పెద్దలారా, ఆ నీళ్లు ఎవరింటి కుళాయిలో పోశారు? దర్జీ ఆవిడ ఇంట్లో మాత్రం కాదు. అక్కడ మంచాన పడ్డ అత్తకు రోజుకు నాలుగుసార్లు పక్కబట్టలు మార్చాలి. వాటిని ఉతకడానికి మూడంతస్తులూ బిందెలు మోసి మోసి ఆడపడుచుకు నడుం పట్టేసింది.

సగటు రెండు గంటలకు తగ్గితేనే ట్యాంకరు పంపుతారట. దర్జీ పెట్టిన అర్జీ కొట్టేసి, రుజువు చూసుకోమని నెల రోజుల ఎక్సెల్ షీటు పంపారు.

ఆవిడకు షీట్లు కొత్త కాదు. కుట్టించుకునేవాళ్ల కొలతలన్నీ పాత కంప్యూటర్లో తనే ఎక్కించుకుంటుంది. చేతిలో జాకెట్టు పక్కన పడేసి షీటు తెరిచింది. ముప్పై వరుసలు. పన్నెండింట్లో మూడేసి గంటలు. మిగతా పద్దెనిమిది గడులూ ఖాళీ. అడుగున సగటు మూడు.

"వచ్చిన రోజులు సరిగ్గానే రాశారే," అంది ఆడపడుచు, నడుం పట్టుకుని తొంగిచూస్తూ.

"అదే నాకూ అంతుపట్టట్లేదు. అన్నీ నిజాలే రాస్తే కింద అబద్ధమెలా తేలింది?"

చూద్దాం పద అని ఒక ఖాళీ గడిలో సున్నా కొట్టింది. అడుగున మూడు కాస్తా 2.77 అయి కూర్చుంది. ఇంకో సున్నా. 2.57. దర్జీ కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఏం చేస్తున్నావు వదినా?"

"ఖాళీ గడిని ఇది లెక్కలోకే తీసుకోదే. ఎవరిదైనా నడుం కొలత తీయకపోతే నేనూ ఖాళీగానే వదిలేస్తాను. అంటే కొలవలేదని, నడుం లేదని కాదుగా."

"నాకిప్పుడు లేనట్టే ఉంది. సున్నా వేసుకో."

పద్దెనిమిదో సున్నా పడేసరికి సగటు 1.2కి దిగింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఆ షీటు కళ్లజోడు గుమాస్తా ముందు పెట్టింది. ఆయన కాసేపు చూసి, "నీళ్లు రాని రోజున రాయడానికేముంటుందమ్మా? ఖాళీగా వదలడం ఇక్కడి అలవాటు," అన్నాడు.

"మా వీధికేనా?"

"అన్ని వీధులకీను."

దర్జీ కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చుంది.

"అయితే అన్ని షీట్లూ తెరవండి. నీళ్లు రాని ప్రతి రోజుకూ సున్నా కొట్టండి, నా కళ్లముందే. ముందు మా వీధిది. సాయంత్రంలోగా ట్యాంకరు మా మెట్ల దగ్గరుండాలి."