నిద్ర కార్డు

పొద్దున ఎనిమిదింటికి కూతురు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచమ్మీద పడిపోయింది. తొమ్మిదింటికి ఫోను మోగింది. పగలు డ్యూటీకి రావలసిన అమ్మాయి రాలేదు, తొమ్మిదిన్నరకి వ్యాను పంపుతున్నాం, పిల్లని సిద్ధంగా ఉండమనండి అని సూపర్‌వైజరు చెప్పి పెట్టేశాడు. జవాబు కోసం ఆగలేదు. అది అడగడం కాదు గనక.

తల్లి కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. రోజూ చూస్తుంది. ఇరవై మూడేళ్ల పిల్ల, పడుకుంటే ఇలా చచ్చిన దానిలా పడి ఉంటుంది. లేదా అసలు నిద్రే పట్టదు, గుండె దడదడలాడుతోందమ్మా అని లేచి కూర్చుంటుంది.

గాజు సీసాల ఫ్యాక్టరీ. ఒక వారం పగలు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. బెల్టు మీద సీసాలు పరిగెడుతుంటే తెల్లటి దీపం ముందు నిలబడి పగుళ్లున్నవి ఏరెయ్యాలి. ఒళ్లు ఒక వేళకి అలవాటు పడేలోగా వేళ మారిపోతుంది.

పోయిన నెల డాక్టరమ్మ విడమరచి చెప్పింది. ఒంట్లో కార్టిసాల్ అని ఒక హార్మోను ఉంటుందట. తెల్లారేసరికి పెరిగి మనిషిని లేపుతుందట, రాత్రికి తగ్గి పడుకోనిస్తుందట. ఈ పిల్లకి అది తలకిందులైందట. బీపీ కూడా అప్పుడే ఎక్కువుంది. మాత్రలు రాస్తాను గానీ మాత్రలు డ్యూటీ వేళలు మార్చలేవు కదా అంది. ఆ హార్మోను పేరు తల్లికి నోరు తిరగలేదు. ఇంట్లో దొంగ పడ్డాడని పిల్ల ఒళ్లు రేయింబవళ్లు కాపలా కాస్తోందని మాత్రం అర్థమైంది. దొంగ ఎవరో కూడా అర్థమైంది.

గేటు దగ్గర పసుపు కార్డు చూపించాలి. డ్యూటీకి ముందు ఎన్ని గంటలు పడుకున్నదీ ఇంట్లోవాళ్లు అందులో రాసి సంతకం పెట్టాలి. ఏడుకి తగ్గితే లోపలికి రానివ్వరు, ఆ పూట కూలి ఉండదు. కార్మికుల క్షేమం కోసం అని కార్డు మీదే అచ్చు వేశారు. మొదట్లో తల్లి మురిసిపోయింది, పిల్ల నిద్ర సంగతి అడిగే కంపెనీ కూడా ఉందని. పిల్ల ఎంతసేపు పడుకున్నా పదకొండు నెలలుగా ఎనిమిది అని రాసి ఇస్తూనే ఉంది.

కొలిమి దగ్గర పనిచేసే పక్కవీధి అతను పోయిన వారం కునుకు పట్టి సీసాల అచ్చులో చెయ్యి పెట్టాడు. మూడు వేళ్లు పోయాయి. ఆఫీసువాళ్లు కార్డు తీసి చూపించారు. ఎనిమిది గంటలు, కింద భార్య సంతకం. కడుపునిండా నిద్రపోయినవాడు చెయ్యి పెట్టాడంటే అది వాడి అజాగ్రత్త, మేం ఇచ్చేదేమీ లేదన్నారు. నిన్న కుళాయి దగ్గర కనిపించిన అతని భార్య ఏడవలేదు.

"నా చేత్తోనే రాశానక్కా" అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

బయట హారన్ మోగింది. కూతురు కళ్లు తెరవకుండానే లేచి కూర్చుని కార్డు కోసం చెయ్యి చాపింది.

"ఎంతసేపు పడుకున్నావో తెలుసా?"

"ఎనిమిదని రాసెయ్యమ్మా."

"గంటన్నర."

"గేటు దగ్గర ఆపేస్తారు. రేపట్నుంచి అసలు రావద్దంటారు."

ఆ భయం తల్లికి లేక కాదు. పిల్లి అడ్డమొస్తే పిల్ల బస్సు కింద పడిందనుకునే మనిషి ఆమె. అరిగిపోయిన సబ్బు ముక్క, అద్దె అడిగే ఇంటివాడి మొహం, ఖాళీ కూరగాయల సంచి అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. వాటి వెనక బిందె ఎత్తుకున్న ఆవిడ. తల్లి వంగి కూతురి చెప్పులు విప్పింది.

డ్రైవరు గుమ్మంలోకొచ్చాడు. వ్యాను కిటికీలకి తలలు ఆన్చి ఆడపిల్లలు తూగుతున్నారు.

"పెద్దమ్మా, ఆలస్యమైతే నన్ను తింటారు. ఓ ఎనిమిది గీకి ఇచ్చెయ్యరాదూ. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను నాయనా."

కార్డు గోడకి ఆన్చి ఒకటిన్నర అని రాసింది. ఎప్పుడూ పొట్టిగా పెట్టే సంతకం ఇవాళ ఇంటిపేరుతో సహా పెట్టింది.

"ఇది మీ సూపర్‌వైజరుకివ్వు. మా పిల్ల రాదని చెప్పు."

అతను కార్డు తీసుకుని కదల్లేదు. కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. తల్లి ఆ కళ్లని, వ్యానుని, అందులోని పిల్లల్ని చూసింది.

"నీది ఎవరు రాస్తారు నాయనా?"

డ్రైవరు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. పైకి పొడుచుకొచ్చిన పసుపు అంచుని లోపలికి నొక్కుకుంటూ అక్కడే నిలబడ్డాడు.