డ్రైవరు సీటు దిండు

గొలుసు లాగినప్పుడల్లా ఇంజను కాస్త దిగి, కొంచెం ఊగి, మళ్లీ నిలబడుతోంది. అల్లుడు బానెట్ విప్పేసిన కారు మీదికి వంగి, ఎడమచేత్తో ఇంజన్ని సముదాయిస్తున్నట్టు పట్టుకుని, కుడిచేత్తో సైగలు చేస్తున్నాడు. షెడ్డు దూలానికి కట్టిన కప్పీ దగ్గర ఎదురింటి టైలర్ మాస్టారు నిలబడి గొలుసు లాగుతున్నాడు. కొలతల టేపు ఇంకా ఆయన మెడలోనే వేలాడుతోంది.

“ఇంకాస్త... ఇంకాస్త... చాలు, ఆపండి మాస్టారూ.”

“ఆపాను. అంతా అయ్యాక బోల్టులేమైనా మిగిలితే పారెయ్యకండి సార్, నా మిషనుకి పనికొస్తాయి.”

“ఒక్కటీ మిగలదు.”

“గుండు మెకానిక్‌తో కూడా ఇలాగే బింకంగా మాట్లాడారట. వీధంతా చెప్పుకుంటున్నారు.”

అల్లుడి చెవులు వేడెక్కాయి. అన్న మాట నిజమే. గోదాములో సరుకు చూసుకునే తనలాంటి గుమాస్తా ఇంజను విప్పి మళ్లీ కడతాడంటే మెకానిక్ నవ్వాడు. నవ్వినా, “బిగించేటప్పుడు కబురు పెట్టండి, ఓ చెయ్యి వేస్తాను” అన్నాడు మంచిగానే. “అక్కర్లేదు, నాకూ చేతులున్నాయి” అని వచ్చేశాడు ఇతను. అంత పెడసరంగా ఎందుకన్నాడో తనకే తెలీదు. ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, షెడ్డులో పాత దుప్పటి పరుచుకుని, కొత్త పిస్టన్లూ రింగులూ అమర్చుకుంటూ, తలుపు దగ్గరగా వేసుకునే కూర్చున్నాడు.

మూలపడిన ఆ కారు మామగారిది. అద్దెకు తిప్పిన ఆ కారుతోనే ఆయన ఇల్లు నిలబెట్టుకున్నాడు, కూతుర్ని చదివించుకున్నాడు. మనిషి బాగా పొట్టి. సీటు మీద దిండు వేసుకుంటే తప్ప ఎదర రోడ్డు కనబడేది కాదు. అల్లుడికి డ్రైవింగు నేర్పేటప్పుడు కూడా ఆ దిండును పక్క సీట్లోకి మార్చుకుని కూర్చున్నాడు. మొదటిరోజే అల్లుడు గేటును గుద్దితే, దిగి సొట్ట తడిమి చూసి, “ఈ గేటుకి కళ్లు లేవు, ఏం చేస్తాం” అన్నాడు. అల్లుడికి ఆ పూట అన్నం సయించలేదు. నాలుగు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఇప్పుడాయన షెడ్డు వైపు కిటికీ పక్కన పడకకుర్చీలో ఉన్నాడు. ఊపిరి అందడం లేదు. ఇక ఇంటి దగ్గరే ఉంచుకోండి అన్నాడు డాక్టరు. ఆ పైన ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన మాత్రం కూతురితో ఒకటే చెప్పాడు, ఆ ఇంజను మళ్లీ పలికితే వినాలని ఉందని.

గేర్‌బాక్సు ముక్కు దగ్గర ఇంజను ఒక్క క్షణం మొరాయించి, మెల్లగా సర్దుకుని కూర్చుంది. బోల్టులు బిగించాడు. రబ్బరు గొట్టాలు తొడిగాడు. తీగలు కలిపాడు. ఆయిలు పోసి, నీళ్లు నింపాడు. భార్య టీ గ్లాసులతో వచ్చింది. చంకలో దిండు ఉంది.

“నాన్న పంపించారు. గలీబు ఉతికి ఆరేసేదాకా ప్రాణం తీశారు.”

దాన్ని తనే డ్రైవరు సీట్లో వేసి, గలీబు సర్ది వెళ్లింది.

తాళం తిప్పే ముందు అల్లుడు ఒక పరీక్ష పెట్టుకున్నాడు. దిండు పక్కకి తీసి కూర్చుని, గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టుకున్నాడు. క్లచ్ తొక్కితే ఇంజనుకీ చక్రాలకీ లంకె తెగాలి. తోస్తే కారు దొర్లాలి.

“తొయ్యండి మాస్టారూ.”

కారు కదల్లేదు.

“హ్యాండ్ బ్రేకు తీశారా?”

తీశాడు. మాస్టారు మళ్లీ భుజం ఆనించి, చెప్పు జారేదాకా తోశాడు. కారు రాయిలా ఉంది.

అల్లుడి కాలు క్లచ్ మీదే బిగుసుకుపోయింది. క్లచ్ ప్లేటు కళ్ల ముందు కదిలింది. ఇంజనుకి దాన్ని అమర్చేటప్పుడు గుడ్డతో తుడిచాడు. దాని మీద అచ్చు వేసిన అక్షరాలున్నాయి. గోదాములో ఏ సంచి పేర్చినా, ఏ పెట్టె పెట్టినా అక్షరాలు బయటికి కనబడాలి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ కూలీలకి అతను చెప్పే మాట అదొక్కటే. చెయ్యి తనంతట తానే అక్షరాలు బయటికి కనబడేలా తిప్పి పెట్టేసింది. ఈ పక్క ఇంజను వైపు ఉండాలని ఆ అక్షరాలే చెబుతున్నాయి. అతను చదవలేదు. ప్లేటు తిరగబడితే ఎంత తొక్కినా లంకె తెగదు. ఇప్పుడు ఇంజను మొత్తం మళ్లీ పైకి లేపాల్సిందే.

“ఏమైంది సార్?”

“ఏం లేదు. కొత్తది కదా, పట్టేసింది. ఇవాళ్టికి చాలు.”

“బోల్టులు మిగల్లేదు కదా?”

“మిగల్లేదు.”

మాస్టారు టేపు సర్దుకుని వెళ్లిపోయాడు. అల్లుడు దిండు మళ్లీ సీట్లో పెట్టి, తలుపు వేశాడు. కిటికీలోంచి సన్నని గొంతు వినిపించింది.

“అయిందా బాబూ?”

“అయింది మామయ్యగారూ.”

“ఓసారి స్టార్ట్ చెయ్యి. ఎక్కడికీ పోనక్కర్లేదు.”

తాళం చొక్కా జేబులోనే ఉంది. గేరు తీసేసి తిప్పితే ఇంజను పలుకుతుంది. బ్యాటరీ పొద్దుననే చార్జింగు పెట్టించుకొచ్చాడు. కానీ చప్పుడు వింటే మాస్టారు వెనక్కి వస్తాడు. బయటికి తియ్యమంటాడు. వీధి పోగవుతుంది. కదలని కారును మెకానిక్ కూడా వచ్చి చూస్తాడు. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాడు అతనే. ఒక పేపరు తప్పినప్పుడు, ఫలితాలింకా రాలేదని అమ్మకి చెప్పి, మళ్లీ రాసి గట్టెక్కాకే స్వీట్లు పట్టుకెళ్లాడు. “నాకప్పుడే తెలుసురా పిచ్చోడా” అంది అమ్మ, తింటూ.

“బ్యాటరీ దిగిపోయింది మామయ్యగారూ. రేపు చేద్దాం.”

ఆయన కిటికీ చువ్వ పట్టుకుని ముందుకు వంగాడు.

“రేపా. సరే. కంగారేముంది.”

అల్లుడు పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని, సబ్బుపొడితో వేళ్ల సందుల్లో జిడ్డు రుద్దుకున్నాడు. ఎంత రుద్దినా గోళ్ల కింద నలుపు పోలేదు. రుద్దుతూనే ఉన్నాడు. భార్య వచ్చి వెనక నిలబడింది.

“ఏవండీ, ఒకసారి లోపలికి రండి.”

మామగారి తల కిటికీ వైపే వాలి ఉంది. చెయ్యి చువ్వ మీద ఉంది. పక్కన టీ మీద మీగడ కట్టింది.

వచ్చినవాళ్లు వచ్చారు, చేయాల్సినవి చేశారు. టైలర్ మాస్టారు పాడెను ఒక పక్క మోశాడు, గుండు మెకానిక్ ఇంకో పక్క మోశాడు. ఎవరూ కారు మాట ఎత్తలేదు. ఇల్లు ఖాళీ అయ్యాక భార్య షెడ్డులోకి వచ్చింది. అతను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“ఇంజను అసలు స్టార్ట్ అవుతుందా?”

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదతనికి.

“అవుతుంది. బ్యాటరీకేం కాలేదు. కారే కదలదు. క్లచ్ తిరగేసి పెట్టాను. నలుగురిలో...”

“నాన్న కదలమని అడగలేదుగా” అంది ఆమె. గొంతు పెంచలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

అతను లేచి కారు తలుపు తీశాడు. తాళం చేతిలోకి వచ్చింది కానీ, కూర్చోవాలంటే దిండు తియ్యాలి. దాని గలీబుకి ఇంకా సబ్బు వాసన ఉంది. నడుమ మాత్రం, ఆయన కూర్చుని కూర్చుని పడిన పల్లం అలాగే ఉంది.